వాసన చూసే ముక్కు, వద్దనే నోరు

తిండి చెడిందని చెప్పడానికి కడుపు నిండినవాళ్ళకు ఒక్క మాట చాలు. పాడైపోయింది అంటారు, పారేస్తారు. మా గేరిలో ఆ ఒక్క మాటతో పొయ్యి వెలగదు. అన్నం పులిసింది వేరు, పాచిపోయింది వేరు, తీగ సాగింది వేరు. జొన్నలు ముక్కినవి వేరు, పుచ్చినవి వేరు, బూజు పట్టినవి వేరు. ఒక్కో మాట వెనక ఒక్కో తీర్పు ఉంది. పులిసింది తాగొచ్చు. పాచింది గొడ్డుకు పెట్టాల. తీగ సాగింది గుంతలో పొయ్యాల. ముక్కినవి కడిగి, ఎండబెట్టి, విసురుకోవచ్చు. పుచ్చినవి చెరిగితే సగం దక్కుతాయి. బూజు పట్టినవి చేతికి తగిలితే చెయ్యి కడుక్కోవాల.

ఇన్ని మాటలు మా ఆడోళ్ళకు ఎట్ల వచ్చినాయి? తరతరాలుగా మా గడప తొక్కిన తిండిలో ఎక్కువ భాగం ఎవరో వద్దనుకున్నదే గనక వచ్చినాయి. మిగిలింది, ఒలికింది, చచ్చింది, తడిసింది, పాతది. దాంట్లో ప్రాణం తీసేదేదో, ప్రాణం నిలిపేదేదో పొయ్యి మీదికి ఎక్కకముందే తేల్చుకోవాల. తప్పు తేలిస్తే పిల్లకాయలు పోతారు. ఈ విద్యను ఏ బడిలోనూ చెప్పలేదు. దీన్ని విద్య అని కూడా ఎవరూ అనలేదు. పైగా దీన్ని చూపించే మమ్మల్ని అశుభ్రం అన్నారు. ఆ విద్యకు ఒక చరిత్ర ఉంది. నేను పుట్టి పెరిగిన ఆళ్ళగడ్డ, నంద్యాల నేల మీది నుంచి ఆ చరిత్ర చెప్పడానికే ఈ వ్యాసం.

ఇది కుందూ ఏటి సీమ, నల్లరేగడి నేల. నిన్నటిదాకా కర్నూలు జిల్లా, 2022 ఏప్రిల్ 4 నుంచి నంద్యాల జిల్లా. 1906 నుంచి నంద్యాలలో వ్యవసాయ పరిశోధనా కేంద్రం ఉంది. నంద్యాల తెల్లజొన్న పేరుతోనే రకాలు వచ్చినాయి. ఏ గింజ ఎన్ని బస్తాలు పండిందో లెక్కలున్నాయి. ఆ గింజ ఎట్లా ఉండగా ఎవరి గంపలో పడిందో మాత్రం ఎవరూ రాయలేదు.

పాతరతో మొదలుపెడతా.

గరుసు నేల చూసి, నిలువెత్తు కంటే లోతుగా గుంత తవ్వి, చుట్టూ జొన్నచొప్ప పరిచి, జొన్నలు పోసి, పైన మళ్ళీ చొప్ప వేసి మట్టి కప్పేవాళ్ళు. అదే పాతర. లోపల గాలి ఆడదు. గింజలే ఊపిరి తీసి ఉన్న ఆక్సిజన్ వాడేసి బొగ్గుపులుసు వాయువు విడుస్తాయి. అందులో పురుగు బతకదు. అందుకే పాతరలో జొన్న ఏళ్ళ తరబడి నిలిచేది. పురుగు బతకని చోట మనిషి కూడా బతకడు. పాతర తెరిచినాక ఒక పూట వదిలేసి, లాంతరు తాడుకు కట్టి దించేవాళ్ళు. దీపం ఆరిపోతే ఇంకా ఆగాల. వెలిగితే మనిషి దిగాల. ఆ దిగే మనిషి మాలోడో మాదిగోడో అయి ఉంటాడు. మా తాత చాలా పాతరల్లో దిగినాడు. "దీపానికంటే ముందు మనమే తెలుసుకోవాల. మెడకాయ లోపలికి పెట్టినప్పుడు తల దిమ్మెక్కితే పైకి వచ్చేయాల" అనేవాడు. లోపలి గాలిని కనిపెట్టిందీ ఆయన ముక్కే, గింజను కనిపెట్టిందీ ఆయన ముక్కే.

పాతర నడిమి జొన్న ముత్యం లాగా ఉంటుంది. గోడ పక్కది, అడుగుది తేమ తగిలి నల్లబడి, ముద్దకట్టి, ముక్కిపోయి ఉంటుంది. నడిమిది రెడ్డి గరిసెకు పోతుంది. పక్కది, అడుగుది మా మేరకు, కూలికి, నాగుకు వస్తుంది. నాగు అంటే గింజల అప్పు. వానాకాలంలో పని లేక పొయ్యి ఆరినప్పుడు గింజలు తెచ్చుకుంటే, కల్లం రోజుల్లో వడ్డీ గింజలు కలిపి కొలవాల. ఇక్కడ చరిత్రకారులు వదిలేసిన ఒక లెక్క ఉంది. తెచ్చుకున్నవి ముక్కిన జొన్నలు. తిరిగి కొలిచినవి కొత్త జొన్నలు. వడ్డీ ఎంతని పుస్తకాల్లో రాసుకున్నారు గాని, ముక్కినదానికి కొత్తది కొలిచిన తేడాను ఏ పుస్తకమూ వడ్డీ కింద రాసుకోలేదు. ఆ వడ్డీ మా కడుపు కట్టింది.

మా అవ్వ ఆ జొన్నలను ఎట్ల చూసేదో నాకు కండ్లకు కట్టినట్లుంది. గుప్పిట్లో పట్టుకొని నోటి ఆవిరి ఊది ముక్కు దగ్గర పెట్టుకునేది. ఆవిరి తగిలితే దాగిన వాసన లేస్తుంది. పంటికింద ఒక గింజ కొరికేది. టక్కుమంటే బాగున్నట్లు, మెత్తగా అణిగితే లోపల తడి ఉన్నట్లు. అరచేతుల మధ్య నలిపి పొడి రంగు చూసేది. తర్వాత బానలో నీళ్ళుపోసి ఉప్పు వేసి గింజలు గుమ్మరించేది. తేలినవన్నీ చేత్తో తోసి పారబోసేది. నాకు ఆకలై, "అవ్వా, అవి కూడా గింజలే గదా" అంటే, "తేలేది తినాకురా, దాంట్లో సత్తువుండదు, సావుంటాది" అనేది.

గొడ్డుమాంసం దగ్గర ఈ తీర్పు ఇంకా కఠినం. రెడ్డి దొడ్లో ఎద్దు చస్తే కబురు మా గేరికి వచ్చేది. మోసుకుపోవడం మా వెట్టి. తోలు పనికి పోతుంది, మాంసం మాకు. అయితే మోసుకొచ్చిన ప్రతి గొడ్డునూ కోసి తిన్నామని ఊరోళ్ళు అనుకున్నారు. మా పెద్దోళ్ళు ముందు విచారణ చేసేవాళ్ళు. మేత మాని ఎన్నాళ్ళైంది? నిలబడి ఉండగానే కూలిందా? పాము ముట్టిందా? ముక్కులోంచి, వెనకనుంచి నల్లటి రక్తం కారి, గడ్డకట్టకుండా ఉందా? ఉంటే అది దొమ్మరోగం. కత్తి పెట్టకూడదు. లోతుగా గుంత తీసి పూడ్చాల. పశువుల డాక్టర్లు ఈ రోజుకూ చెప్పేది అదే: దొమ్మతో చచ్చిన గొడ్డును కొయ్యొద్దు, కోస్తే ఆ సూక్ష్మజీవి గాలి తగిలి గట్టి బీజంగా మారి, ఏండ్ల తరబడి మట్టిలో బతుకుతుంది. మంచి గొడ్డైతే మాంసాన్ని సన్నగా చీరి, ఉప్పు, పసుపు పట్టించి దండేల మీద ఎండేసేవాళ్ళు. అవి ఉప్పుకండలు. లోపలిదాకా ఎండి, విరిస్తే విరగాల. వంగితే ఇంకా తడి ఉన్నట్లు, మళ్ళీ ఎండకు వెయ్యాల.

దొమ్మరోగం సూక్ష్మజీవి ఎట్ల పెరుగుతుందో జర్మనీలో రాబర్ట్ కోచ్ 1876లో నిరూపించినాడు. ఆ సంగతి ప్రపంచమంతా పాఠంగా చదువుకుంటుంది. అదే 1876లో మా సీమలో ధాత కరువు మొదలైంది. 1878 దాకా సాగింది. కరువులో ముందు పశువులు పడినాయి, తర్వాత మనుషులు పడినారు. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా పావు వంతు దాకా జనాన్ని పోగొట్టుకుంది. 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి కరువు పనుల్లో మగ కూలీకి రోజుకు ఒక పౌను గింజల విలువ, పైన అర్ధణా చాలన్నాడు. పౌను అంటే అరకిలో కూడా లేదు. రోజంతా మట్టి మోసే మనిషికి ఇది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ వాదించినాడు. ఎంత గింజ అని ఇద్దరు దొరలు కొట్లాడుకున్నారు. ఎట్లాంటి గింజ అని అడిగినవాడు లేడు. అటువంటి కాలంలో చచ్చిన గొడ్డు ముందు కూర్చున్న పెద్దమనిషి ఏం తీర్పు చెప్పగలడు? రక్తం నల్లగా ఉందని ఆయన కండ్లకు కనపడుతుంది. వెనకాల పిల్లకాయల డొక్కలు కూడా కనపడతాయి. ఆ రోజు తీర్పు ఆకలి చెప్తుంది.

ఆళ్ళగడ్డ పక్కన ఉయ్యాలవాడ ఉంది. 1866 కరువులో గంజి పోయించిన బుడ్డా వెంగళరెడ్డిని జనం పాటలు కట్టి పాడుకున్నారు. పోసినాయన్ను తలచుకోవాల్సిందే. 1952 ప్రాంతంలో మళ్ళీ రాయలసీమ అంతా గంజి కేంద్రాలు వెలిసినాయి. 1960లలో పి.ఎల్. 480 ఒప్పందం కింద అమెరికా గోధుమలు, ఎర్ర మైలో జొన్నలు ఓడల్లో వచ్చినాయి. పోసినవాళ్ళ పేర్లు, ఒప్పందాల నంబర్లు చరిత్రలో ఉన్నాయి. తాగినవాళ్ళు ముంతను ముక్కు దగ్గర పెట్టుకొని ఏమనుకున్నారో చరిత్రలో లేదు. దానం తీసుకునేవాడు వాసన చూస్తే పొగరు అంటారు.

పెళ్ళిళ్ళ దగ్గర ఇది బాగా కనపడేది. బంతులన్నీ లేచినాక, ఆకులు తీసే మా వాళ్ళకు చీకటి పడినాక పిలుపొచ్చేది. "ఏమే, గంప తేపో, అన్నం ఉండాది" అని రెడ్డెమ్మ అరుగు మీది నుంచి కేకేసేది. పొద్దున వండి రాశిగా పోసిన అన్నం. పైన చల్లగా ఉంటుంది, లోపల చెయ్యి పెడితే ఇంకా వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చదనంలోనే మోసం ఉంది. మాయమ్మ పైపైన చూసేది కాదు, మోచేతిదాకా లోపలికి పోనిచ్చి పిడికెడు తీసి, రెండు వేళ్ళ మధ్య మెతుకు నొక్కి విడదీసేది. సన్నటి తీగ సాగితే గంప బోర్లించేది. అయితే రెడ్డెమ్మ కండ్ల ముందర బోర్లించేది కాదు. గంప నెత్తిన పెట్టుకొని, "సల్లగుండాల తల్లీ" అని చెప్పి, గేరి దాకా మోసుకొచ్చి, దిబ్బలో పోసేది.

అన్నంలో పెరిగే బాసిల్లస్ సెరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడుకులో కూడా చావవనీ, వెచ్చగా నిలవ ఉన్న అన్నంలో అది వాంతులు తెప్పించే విషం తయారుచేస్తుందనీ, మళ్ళీ వేడిచేసినా ఆ విషం పోదనీ నేను తర్వాత చదువుకున్నా. అదే రాత్రి అన్నం చల్లారినాక నీళ్ళల్లో, గంజిలో వేసి ఉంచితే పులుపెక్కుతుంది. ఆ పులుపు చాలా చెడ్డ సూక్ష్మజీవులను పెరగనియ్యదు. అందుకే మాయమ్మకు పులిసిన వాసన అంటే భయం లేదు, వెచ్చదనం అంటే భయం. ఆమెకు సూక్ష్మజీవి పేరు తెలియదు. వేళ్ళకు తెలుసు.

ఇంత తెలిసిన మనిషి దిబ్బ దాకా ఎందుకు మోసింది? ఈ ప్రశ్నే నన్ను చాలా ఏండ్లు తొలిచింది. నా జవాబు ఇది: వాసన చూసే ముక్కు మాకుంది, వద్దనే నోరు మాకు లేదు. తిండి మంచిదా చెడ్డదా అని తేల్చే తెలివికి, వద్దనే హక్కు లేకపోతే సగమే విలువ. ఇంకో సంగతి కూడా ఉంది. అప్పుడే దించిన వేడి అన్నం మా చెయ్యి తగిలితే చెడిపోతుందని శాస్త్రం రాసినారు. తీగ సాగిన అన్నం వాళ్ళ చేతి మీదుగా వస్తే ధర్మం అన్నారు. చెడిపోవడం అనే మాటను మెతుకు మీదినుంచి తీసి మనిషి మీద పెట్టినారు.

అంబేడ్కర్ 1927 మార్చిలో మహాడ్‌లో ఈ సంగతే పట్టుకున్నాడు. చవదార్ చెరువు నీళ్ళు ముట్టుకున్న ఆ సభలోనే చచ్చిన గొడ్డు తినడం, విసిరేసిన మెతుకులు ఏరుకోవడం మానమని చెప్పినాడు. గొడ్డుమాంసం మా తిండే, దానికి సిగ్గుపడే పని లేదు. మానమన్నది వద్దనే వీలు లేని తిండిని. మంచినీళ్ళు ముట్టుకోవడం, చెడ్డ తిండి వద్దనడం ఒకే సభలో ఒకే రోజుల్లో మొదలైనాయంటే అది కాకతాళీయం కాదు.

వద్దంటే ఏమౌతుందో 1985లో కారంచేడు చూపించింది. మాదిగలు తాగే చెరువు దగ్గర ఒక కమ్మ యువకుడు గేదెల కుడితి బకెట్ కడిగి నీళ్ళు పాడుచేస్తుంటే మాదిగలు అడ్డం చెప్పినారు. మున్నంగి సువార్తమ్మ బిందె ఎత్తి ఎదిరించింది. ఈ నీళ్ళు తాగడానికి పనికిరాకుండా చేస్తున్నావని చెప్పడమే ఆమె నేరం. జులై 17న ఆరుగురు మాదిగలను వెంటాడి చంపినారు. మా అమ్మ గంపను దిబ్బ దాకా ఎందుకు మోసిందో ఆ వార్త చదివినప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది.

1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. కూలోళ్ళ ఇండ్లలో జొన్నరొట్టె తగ్గి అన్నం పెరిగింది. నాగు జొన్నల కోసం రెడ్డి గడప ఎక్కే పని తగ్గింది. ఇది చిన్న మార్పు కాదు. అయితే బస్తా విప్పితే ముక్కపురుగు, రాళ్ళు, నూకలు. పచ్చిబియ్యం సేకరణలో నూకలు నూటికి 25కు మించకూడదని, తేమ 14 శాతం దాటకూడదని చాలా ఏండ్లు కొలతలు నడిచినాయి. ఆ కొలతలు గోడౌను దగ్గర ఆగిపోయేవి. చౌకడిపో ముందు వరసలో నిలబడిన ఆడమనిషి గుప్పెడు బియ్యం ముక్కు దగ్గర పెట్టుకుంటే, "ఇష్టమైతే తీసుకో, లేకుంటే పో" అనే మాటే వినపడేది. పాతర పోయింది, మాట పోలేదు.

నేను చదివిన ఒక సంక్షేమ హాస్టల్లో కూడా అదే మాట ఇంకో రూపంలో విన్నాం. అన్నంలో పురుగులున్నాయని పళ్ళేలు పట్టుకొని అడిగితే, "మీ ఇండ్లల్లో ఏం తింటార్రా?" అన్నారు. నన్ను చూడ్డానికి వచ్చిన మాయమ్మ ఆ బస్తాలో చెయ్యి పెట్టి చూసి, "పురుగుకు భయపడాకు నాయనా, పురుగు ఏరితే పోతాది. ఇవి తడిసి ఆరిన బియ్యం. వానకు తడిసి బస్తాలోనే ఆరినాయి. ఇది కడిగినా పోదు" అనింది. మర్నాడు మేం తాలూకాఫీసు ముందర కూర్చున్నప్పుడు పురుగుల మాట మాని, తడిసిన బస్తాల మాట ఎత్తినాం. ఎప్పుడు తడిసినాయి, ఎవరు దించుకున్నారు, ఎందుకు వెనక్కి పంపలేదు అని అడిగినాం. పురుగుకు సమాధానం చెప్పినవాళ్ళు తడికి సమాధానం చెప్పలేకపోయినారు. బస్తాలు మారినాయి.

తడిసి ఆరిన గింజ ఎంత పని చేస్తుందో 1995లో తెలిసింది. అకాల వానలకు తడిసి బూజు పట్టిన జొన్నల, మొక్కజొన్నల రొట్టెలు తిని దక్కను పీఠభూమి పల్లెల్లో జనానికి కడుపునొప్పి, కడుపులో గుడగుడలు, విరేచనాలు పట్టుకున్నాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవాళ్ళు 50 పల్లెలు చూస్తే 27 పల్లెల్లో ఈ రోగం కనపడింది. గింజల్లో ఫ్యూసేరియం బూజు, అది చేసే ఫ్యుమోనిసిన్ విషం దొరికినాయి. ఆ గింజలను కోడిపిల్లలకు పెట్టి చూస్తే వాటికీ విరేచనాలైనాయి. కోళ్ళకేసి చూడడం మా అవ్వకు కూడా తెలుసు. ఉప్పునీళ్ళలో తేలిన మొక్కజొన్న గింజల్లోనే ఈ విషం ఎక్కువగా ఉంటుందని తర్వాత పరిశోధనల్లో తేలింది. అవ్వ బాన నాకు జ్ఞాపకమొచ్చింది.

అయితే ఒక నిజం విద్యార్థులకు చెప్పి తీరాల. ముక్కు అన్నీ కనిపెట్టలేదు. బూజు కంటికి కనపడకుండా పోయినా అది విడిచిన విషం గింజలో ఉండొచ్చు. దానికి వాసన లేదు. ఉడికించినా పూర్తిగా పోదు. 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా కాలేయం చెడి చనిపోయినారు. అదే తిన్న ఇంటి కుక్కలు కూడా చచ్చినాయి. వాళ్ళకు ముక్కు లేక తిన్నారా? ఇంట్లో వేరే గింజ లేక తిన్నారు. ఇట్లాంటి విషం ముందు ముసలమ్మల తెలివి ఒక్కటే చాలదు. పరీక్షించే ప్రయోగశాల మా ఊరి దాకా రావాల. ప్రయోగశాల ఒక్కటే కూడా చాలదు. 2013 జులైలో బీహార్‌లోని గండామన్ బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయినారు. వంటనూనెలో పురుగుమందు కలిసింది. నూనె తేడాగా ఉందని వంటామె చెప్పిందనీ, అయినా దాంతోనే వండమన్నారనీ ఆనాటి పత్రికలు రాసినాయి. ఆమె ముక్కు పనిచేసింది. ఆమె మాట చెల్లలేదు.

ఇప్పుడు నియమాలున్నాయి. పిల్లలకు వడ్డించేముందు పెద్దవాళ్ళు, వాళ్ళలో ఒక టీచరైనా, తిని చూడాలని 2015 మధ్యాహ్న భోజన నియమాలు చెప్తున్నాయి. వంటవాళ్ళుగా దళితులకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004లో చెప్పింది. 2013 ఆహార భద్రత చట్టం గింజను హక్కు అంటుంది. హక్కు అన్నాక కూడా మాతో మాట్లాడే పద్ధతి మారలేదు. ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి పిండితో చేసిన గింజలను నూటికి ఒకటి చొప్పున రేషన్ బియ్యంలో కలిపినారు. కడిగేటప్పుడు కొన్ని తేలినాయి. తేలేది తినొద్దని తరాలుగా నేర్చుకున్న ఆడోళ్ళు ప్లాస్టిక్ బియ్యం అని ఏరి పారేసినారు. వాళ్ళను మూఢులన్నారు. వాళ్ళ విద్య ప్రకారం వాళ్ళు సరిగ్గానే చేసినారు. తినే మనిషికి ముందుగా చెప్పాలన్న ఆలోచన పంపినవాళ్ళకే రాలేదు.

అందుకే ఉద్యమంలో ఉన్న తమ్ముళ్ళను, చెల్లెళ్ళను ఒకటే అడుగుతున్నా. బియ్యం ఎన్ని కిలోలని అడగడం మనకు వచ్చింది. ఎట్లాంటి బియ్యం అని అడగడం కూడా నేర్చుకోవాల. బస్తా దిగినప్పుడే విప్పి చూడండి. తడిసిన మరక ఉంటే రాయించుకోండి. హాస్టల్ కమిటీలో, బడి వంటగదిలో, డిపో ముందర మన ఇంటి ముసలమ్మను నిలబెట్టండి. ఆమె గుప్పెడు గింజలు తీసి, ఊది, వాసన చూసి, "ఇవి మాకొద్దు" అంటే, ఆ మాట రిజిస్టర్లో ఎక్కాల, లారీ వెనక్కి తిరగాల.

మాయమ్మ గంపను దిబ్బ దాకా మోసింది. మన పిల్లలు అక్కడిదాకా మోయకూడదు. ఎవరిదో వాళ్ళ అరుగు మీదనే దించి రావాల.